అంబలి కుండ, సంత సంచి, రక్తపరీక్ష

మన కొండల్లో చోళ్లు తెలియని పిల్లవాడు లేడు. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు అవే మాండియా. ఆ గింజే పాఠ్యపుస్తకంలో ‘రాగులు’ అని కనిపించేసరికి చాలామంది అదేదో కిందిదేశపు పంట అనుకుంటారు. ‘కాల్షియం ఎక్కువగా ఉన్న ధాన్యం ఏది?’ అని పరీక్షలో అడిగితే ‘రాగులు’ అని తప్పులేకుండా రాస్తారు. పొద్దున్న ఇంటి దగ్గర ఏం తాగి వచ్చావంటే మాత్రం తల దించుకుని, ‘అంబలి సార్’ అంటారు. రెండూ ఒకటేనని చెబితే మొదట నమ్మరు, తర్వాత నవ్వుతారు. పరీక్షలో మార్కులు తెచ్చే గింజకు ఇంట్లో సిగ్గుపడటం ఎప్పుడు మొదలైందో మాకూ సరిగా తెలియదు. మా చిన్నప్పుడే మొదలైంది, అంతవరకు చెప్పగలం.

మేము పాడేరు చుట్టుపక్కల కొండ ఊళ్లలో పుట్టి, ఆశ్రమ పాఠశాలల్లో చదివి, ఇప్పుడు అలాంటి పాఠశాలల్లోనే పాఠాలు చెబుతున్నవాళ్లం. ఆరోగ్యం గురించి మాకు ఉన్న చదువు ఎక్కువగా పుస్తకాల్లోంచి వచ్చింది. ఆ పుస్తకాల్లో పళ్లెం పక్కన గ్లాసెడు పాలు, ఒక యాపిల్ పండు, తెల్ల బ్రెడ్డు ఉండేవి. మా ఇళ్లలో పాలు లేవు. ఆవు ఉన్నా మా పెద్దలు పితికేవారు కాదు, ఆ పాలు దూడవి అనేవారు. యాపిల్‌ను మేము సంతలో చూశాం, కొనలేదు. కాబట్టి ఆరోగ్యం అనేది మన ఇంట్లో దొరకని వస్తువులతో తయారవుతుందని మనసులో ఒక మూల పడిపోయింది. ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మేము ఆ బొమ్మను పక్కనపెట్టి, అంబలి కుండ దగ్గర మొదలుపెడతాం.

వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పది మిల్లీగ్రాముల దరిదాపుల్లో, ఆవుపాలలో సుమారు 120 ఉంటుంది. పాలు తాగని ఇళ్లలో ఎముకలు గట్టిగా ఎందుకున్నాయో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. అంబలి కాచే పద్ధతిలోనూ ఒక తెలివి ఉంది. మన అమ్మలు చోడిపిండిని ముందురోజే నీళ్లలో కలిపి పులవనిస్తారు. మర్నాడు నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండి పోసి తెడ్డుతో కలుపుతారు. చోళ్లలో ఇనుము ఉన్నా, అది ఒంటికి పట్టకుండా అడ్డుపడే పదార్థాలు కూడా గింజలోనే ఉన్నాయి. పులియబెట్టినా, మొలకెత్తించినా వాటి బలం తగ్గుతుంది. ఈ సంగతి పోషకాహార శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు, మన అవ్వలు కుండతో చేసి చూపిస్తారు. పిండిని అప్పటికప్పుడు వేడినీళ్లలో కలిపి బెల్లం వేసి ఇచ్చే జావ చెడ్డదేమీ కాదు. 2023 మార్చి నుంచి మన రాష్ట్రంలో బడిపిల్లలకు వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు, మంచిదే. కానీ పులిసిన అంబలి దారి వేరు. దానిలో ఉల్లిపాయ కొరుక్కుని, పచ్చిమిర్చి నంజుకుని తాగినవాడికి మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు.

ఇలా చెబుతూ పోతే పాతకాలమంతా బంగారమే అన్నట్టు వినిపిస్తుంది. అలా అనడానికి మాకు మనసొప్పదు. మా అవ్వలకు వానాకాలం అంటే భయం. పాత గింజలు అయిపోయి కొత్త పంట చేతికి రాని ఆ నెలల్లో మామిడి టెంకల పిండితో అంబలి కాచుకునేవారు, అడవి దుంపల కోసం పిల్లల్ని చంకనేసుకుని మైళ్లు నడిచేవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మన ఊళ్లలో ఆకలి రోజులు తగ్గడానికి ఆ బియ్యం చాలావరకు కారణం. ఇప్పుడు పట్నంలో చిరుధాన్యాల ప్యాకెట్లు అమ్ముకునేవారు కొందరు మనకే వచ్చి, మీరు బియ్యానికి ఎందుకు అలవాటుపడ్డారని అడుగుతుంటారు. ఆకలి వల్ల అలవాటుపడ్డాం. అంతకంటే జవాబు ఏముంది? చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మొదట చోడి పక్కన చేరిన బియ్యం తర్వాత చోడిని కుండలోంచి పూర్తిగా నెట్టేసింది. మూడు పూటలా తెల్లన్నం, దాని మీద పలచటి చారు. కడుపు నిండుతుంది, అందుకే లోపం కనబడదు.

సామల సంగతి మరీ విచిత్రం. మెట్ట చెక్కల్లో సామలు వేసే ఇళ్లు తగ్గిపోవడానికి కారణం ఏమిటని మేము చాలామందిని అడిగాం. వానలు అన్నారు, అడవిపందులు అన్నారు. ఒక పెద్దమ్మ మాత్రం మమ్మల్ని ఎగాదిగా చూసి, ‘దంచీది ఎవలు మాస్టారూ? నువ్వు దంచుతావేటి?’ అంది. అసలు సంగతి అదే. సామ చిన్న గింజ, పైపొట్టు గట్టిది. నాలుగు మనుషుల కూటికి సరిపడా బియ్యం తీయాలంటే రోలు దగ్గర చాలాసేపు రోకలి వేయాలి. పొద్దున్న నీళ్లు, కట్టెలు, పొలం, పిల్లలు, ఆ పైన రోకలి. మగవాళ్లం సామల అన్నం రుచి గురించి కబుర్లు చెబుతుంటే, రోలు కథ ఆడవాళ్ల చేతులకు తెలుసు. రేషను బియ్యం వాళ్లకు రోజుకు కొంత విశ్రాంతి ఇచ్చింది. సామలు మళ్లీ ఇళ్లలోకి రావాలంటే ఊరికి ఒక చిన్న పొట్టు తీసే మర రావాలి. దానితో పాటు ఒక జాగ్రత్త: మరీ తెల్లగా పాలిష్ పట్టించిన సామబియ్యంలో తవుడుతో పాటు మేలంతా పోతుంది. పట్నం దుకాణాల్లో మెరిసే సామలకు, తెల్లన్నానికి అప్పుడు పెద్ద తేడా మిగలదు.

ఇక సంత సంచి. ఆరోగ్యం లెక్క చూడాలంటే ఆసుపత్రి కంటే ముందు వారపు సంత దారిలో నిలబడి, దిగేవాళ్ల బుట్టల్లోకీ ఎక్కేవాళ్ల సంచుల్లోకీ చూడమని మేము పెద్ద తరగతుల పిల్లలకు చెబుతాం. ఒకసారి అలా చూసి రాసుకురమ్మన్నాం. దిగేవాటిలో రాజ్‌మా చిక్కుళ్లు, వలిసెలు, నాటుకోళ్లు, గుడ్లు, పనసకాయలు, చింతపండు, తేనె. ఎక్కేవాటిలో పామాయిల్ ప్యాకెట్లు, ఉప్పు, ఎండుచేపలు, రంగునీళ్ల సీసాలు, పదేసి రూపాయల చిప్స్ దండలు, బిస్కట్లు. పిల్లలు రాసుకొచ్చిన ఆ కాగితం మా దగ్గర ఇంకా ఉంది. ఏ ఆహార చార్టూ అంత స్పష్టంగా ఉండదు. చింతపల్లి వైపు రాజ్‌మా పండిస్తారు, దేశమంతా తింటుంది. పండించిన ఇంట్లో మాత్రం ఏడాదికి రెండుసార్లు వండితే గొప్ప. వంద గ్రాముల ఎండు రాజ్‌మాలో ఇరవై గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి. ఇరవై కిలోలు అమ్మే ఇల్లు రెండు కిలోలు అటక మీద ఉంచుకుంటే ఎదిగే పిల్లలకు అది మందు లాంటిది. అయితే రాజ్‌మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా మెత్తబడేదాకా ఉడికించాలి. పలుకు మిగిలిన రాజ్‌మా తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. మన ఊళ్లు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల దరిదాపుల్లో ఉన్నాయి, ఇక్కడ నీళ్లు వంద డిగ్రీల కంటే కొద్దిగా ముందే మరుగుతాయి. కింద అరగంటలో ఉడికేది ఇక్కడ ఇంకాసేపు పడుతుంది. ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం పాఠం కూడా దీనితో అయిపోతుంది.

గుడ్ల మాట కూడా అంతే. ఇంటి కోడి పెట్టిన గుడ్డు అమ్మితే పది రూపాయలకు పైనే వస్తుంది. ఆ డబ్బుతో చిప్స్ ప్యాకెట్ వస్తుంది. పిల్ల చేతిలో గుడ్డు పోయి చిప్స్ వచ్చింది, ఇంటివాళ్లకు మాత్రం ఏదో లాభం వచ్చినట్టు ఉంటుంది. అన్నీ అమ్మవద్దని చెప్పే హక్కు మాకు లేదు, ఉప్పు కొనడానికీ ఫోను రీఛార్జికీ డబ్బు కావాలి. వారంలో మూడు గుడ్లు బాలింతకూ చిన్నపిల్లకూ తీసిపెట్టి మిగతావి సంతకు పంపండి అంటే ఎవరూ కాదనడం లేదు.

అడవి తిండి గురించి రాయడానికి ఈ పుస్తకమంతా చాలదు. వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, చింతచిగురు, మునగాకు, రకరకాల దుంపలు. మన వాళ్లు వెదురు కొమ్ములను తరిగి ఉడికించి నీళ్లు ఎందుకు పారబోస్తారో, కొన్ని దుంపలను ముక్కలు చేసి బుట్టలో పెట్టి రాత్రంతా పారే గెడ్డలో ఎందుకు ఉంచుతారో పిల్లల చేత చెప్పించాలి. చేదు పోవడానికి అంటారు. ఆ చేదులోనే విషం ఉంది. ఈ పని తెలిసిన అవ్వలు తగ్గిపోతున్నారు. ఫోనులో చూసి పచ్చి కొమ్ములు వండుకునేవాడు, తెలియని పుట్టగొడుగు ఏరుకొచ్చేవాడు రేపు మన ఊళ్లోనే తయారవుతాడు. మామిడి టెంక పిండి విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. చెమ్మ తగిలి బూజు పట్టిన పిండితో కాచిన అంబలి ప్రాణాల మీదికి తెస్తుంది. బూజు పట్టింది పశువులకు కూడా పెట్టవద్దు.

ఇంకోటి, చచ్చిన పశువు మాంసం. జబ్బుతో పడిపోయిన మేకనో ఆవునో కోసి పాళ్లు పంచుకోవడం మన ఊళ్లలో ఉంది. మాంసం ఎప్పుడో కానీ దొరకని ఇంట్లో దాన్ని పాతిపెట్టమంటే కష్టమే. కానీ మన మన్యంలో ఆంత్రాక్స్ వచ్చినప్పుడల్లా దాదాపు ఈ దారినే వచ్చింది. దీన్నే దొమ్మరోగం అంటారు. కోసినవాళ్ల చేతుల మీద పొక్కులు లేచి, నడిమధ్య నల్లగా మాడినట్టు పుండు అవుతుంది. తొందరగా వెళితే సాధారణ యాంటీబయాటిక్ మందుతోనే తగ్గుతుంది. ఆ సూక్ష్మజీవి నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది కనుక, అలా చచ్చిన పశువును కోయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. పశువులకు ముందే టీకా వేయించుకోవచ్చు.

వ్యాయామం అన్న మాట మన ఊళ్లో పలకడానికే మాకు మొహమాటంగా ఉంటుంది. నిండు బిందె పది, పదిహేను కిలోలు ఉంటుంది. ఊట నుంచి దాన్ని ఎత్తి, గట్టెక్కి, రోజుకు నాలుగుసార్లు తెచ్చే అక్కకు వెళ్లి ‘రోజూ అరగంట నడవండి’ అని చెబితే ఆమె మనల్ని చూసి ఏమనుకుంటుంది? ఆమెకు కావాల్సింది ఇంటి దగ్గరికి కుళాయి, కడుపునిండా కూడు, కాసేపు కూర్చోవడానికి వీలు. వ్యాయామం కావాల్సింది మాలాంటి ఉద్యోగస్తులకు. మోటారు సైకిలు కొన్నాక కిలోమీటరు దూరంలోని దుకాణానికి కూడా బండి మీదే వెళ్లే మన తమ్ముళ్లకు. వసతిగృహంలో తిని, తరగతిలో కూర్చుని, మళ్లీ వసతిగృహంలో ఫోను ముందు వంగిపోయే పిల్లలకు. బీపీ, షుగరు పట్నపు జబ్బులని ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు మన ఊళ్లలోనూ ఆ మాత్రలు మింగేవాళ్లు కనబడుతున్నారు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లు ఊరికి వచ్చే ఏఎన్ఎమ్మ చేత ఏడాదికోసారి అయినా బీపీ చూపించుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ బడిపిల్లలకు రోజుకు అరవై నిమిషాల కదలిక ఉండాలంటుంది. ఆట మైదానం లేదు, మాకు పీఈటీ లేడు అని మేము చాలాకాలం అనుకున్నాం. మైదానం లేకపోయినా థింసా ఉంది. చేతులు వీపుల వెనక కలుపుకుని, ఒకే అడుగుతో ముందుకు వంగుతూ వెనక్కి లేస్తూ గుండ్రంగా తిరిగే ఆ ఆటలో తొడలకు, నడుముకు, ఊపిరికి అన్నిటికీ పని ఉంది. తుడుము, మోరి, డప్పు ఉంటే సరే, లేకపోతే బకెట్ వాయించినా సాగుతుంది. పర్యాటకుల ముందో, మంత్రులు వచ్చినప్పుడో మాత్రమే చీరలు కట్టించి ఆడించే థింసాను మేము సాయంత్రం చదువుకు ముందు అరగంట పెట్టాం. మొదట పెద్ద మగపిల్లలు సిగ్గుపడ్డారు. తర్వాత రాత్రి పిలిచినా వస్తున్నారు. అలుపు లేకుండా చివరిదాకా ఎవరు నిలబడతారు, ఎవరు ముందుగా పక్కకు వెళ్లి కూర్చుంటారు అన్నది మేము గమనిస్తాం. పక్కకు వెళ్లి కూర్చునే పిల్లల దగ్గరే అసలు సంగతి మొదలవుతుంది.

ఆ పిల్లల్లో ఎక్కువమందికి రక్తం తక్కువ. కింది కనురెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంటుంది. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్రను వాళ్లు గుక్కెడు నీళ్లతో నోట్లో వేసుకుని, బయటకు వెళ్లి ఉమ్మేస్తారు. ఎందుకంటే ఖాళీ కడుపున వేసుకుంటే వికారం. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకున్న పప్పు, ఉసిరికాయ, జామకాయ పట్టేలా చేస్తాయి. పేగుల్లో కొంకిపురుగులు ఉంటే మాత్రల మేలు చాలావరకు అవే తాగేస్తాయి. అవి మలవిసర్జన చేసిన తడినేల మీద ఒట్టికాళ్లతో నడిచినప్పుడు అరికాలి చర్మంలోంచే లోపలికి దూరతాయి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడుల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు. దాన్ని నమిలి మింగాలి. ఆ రోజు బడికి రాని పిల్లల పేర్లు రాసుకుని తర్వాత వేయించడం ఉపాధ్యాయుల పని. చెప్పులు వేసుకోవడం పిల్లల పని, కొనిపెట్టడం మాత్రం ఇంటిపని.

మలేరియాను మన వాళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. మన్యపు జ్వరం అంటే కిందిదేశంవాళ్లకు ఎంత భయమో మన పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో చూశాడని పుస్తకంలో ఉంటుంది. మన దగ్గర మెల్లగా పారే గెడ్డల అంచుల్లోనే ఆ దోమలు గుడ్లు పెడతాయి. ఇంటింటికీ వచ్చి గోడలకు మందు కొట్టే సిబ్బందికీ మనకూ మధ్య ఒక పాత పేచీ ఉంది. మందు వాసన, మరకలు నచ్చక, పండగ ముందు ఇల్లు ముచ్చటగా ఉండాలని మనం మట్టితో పేడతో అలికేస్తాం. దోమ రక్తం తాగి గోడ మీద వాలినప్పుడు చావాలని కొట్టిన మందు అలుకు కింద కప్పబడిపోతుంది. మందు కొట్టే తేదీ ముందే తెలిస్తే దానికి ముందే అలుక్కోవచ్చు, ఆ తర్వాత రెండు మూడు నెలలు గోడను అలా వదిలేయవచ్చు. కాబట్టి ఊరి యువకులు ఆ తేదీ ముందుగా కనుక్కుని చాటింపు వేయించాలి. పంచిపెట్టిన దోమతెరలను కోళ్లగూళ్లకో చేపలకో వాడిన ఊళ్లు మాకు తెలుసు, వాటి పేర్లు రాయం. జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త దగ్గర వేలికొసన రక్తం ఇస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒక రకం మలేరియాకు మూడు రోజుల మందు, ఇంకో రకానికి పద్నాలుగు రోజుల మాత్రలు కూడా ఉంటాయి. రెండో రోజు జ్వరం దిగగానే మిగిలిన మాత్రలు అటక ఎక్కిస్తే, కాలేయంలో దాక్కున్న క్రిమి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది.

ఆ మలేరియాతోనే ముడిపడిన ఇంకో సంగతి మన రక్తంలో ఉంది. సికిల్ సెల్. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోయే జబ్బు. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసీల్లో గుర్తించారు. తర్వాత మధ్యభారతం, ఒడిశా, మన ఆంధ్ర, తెలంగాణ ఆదివాసీల్లోనూ కనబడింది. ఇది ఎవరి పాపమూ కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ లక్షణం వచ్చినవాళ్లు మామూలుగానే బతుకుతారు, పైగా ప్రాణం తీసే మలేరియాను వాళ్ల ఒళ్లు కొంత తట్టుకుంటుంది. తరాల పాటు మలేరియా ఉన్న నేలల్లో అలాంటివాళ్లే ఎక్కువగా బతికి పిల్లల్ని కన్నారు. అందుకే ఈ లక్షణం అలాంటి నేలల మనుషుల్లో నిలిచిపోయింది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం జబ్బు అవుతుంది. కీళ్లలో, ఎముకల్లో, కడుపులో భరించలేని నొప్పి. చిన్నపిల్లల్లో చేతులు కాళ్లు వాపు. కళ్లు పచ్చబడటం, మాటిమాటికీ జ్వరం.

ఒక పాఠశాలలో తొమ్మిదో తరగతి అమ్మాయిని, ఆటల పీరియడ్‌కు బద్ధకిస్తున్నావంటూ చలికాలం పొద్దున్నే మైదానం చుట్టూ పరిగెత్తించారు. మధ్యాహ్నానికి ఆమె కాళ్ల నొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఇంటికి తీసుకెళితే గాలి సోకిందన్నారు, కోడిని కోశారు. నాలుగో రోజు డోలీలో మోసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాక సికిల్ సెల్ అని తేలింది. పాప బతికింది, ఇప్పుడు మందు వాడుతూ ఇంటర్ చదువుతోంది. ఈ సంగతి రాస్తున్నది తోటి ఉపాధ్యాయుల కోసం. చలి, దాహం, జ్వరం, విపరీతమైన అలసట, ఈ నాలుగూ నొప్పిని రేపుతాయి. అలాంటి పిల్లల దగ్గర ఎప్పుడూ నీళ్ల సీసా ఉండాలి, తరగతి మధ్యలో తాగినా మూత్రానికి లేచినా కోప్పడకూడదు. స్వెట్టరు, దుప్పటి ముందుగా వాళ్లకు ఇవ్వాలి. పరుగుపందేలు వద్దు కానీ మెల్లగా ఆడుకోనివ్వాలి, అలసిపోతే తానే ఆగిపోయే స్వేచ్ఛ ఉండాలి. జ్వరం వస్తే పొద్దున దాకా చూద్దామనుకోకుండా ఆ రాత్రే తీసుకెళ్లాలి. వాళ్లకు ఇనుము మాత్ర డాక్టరు చెప్పినప్పుడే ఇవ్వాలి. హైడ్రాక్సీయూరియా లాంటి మందులు నొప్పి వచ్చే సార్లను తగ్గిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు ఉన్నవాళ్లకు నెలనెలా పింఛను కూడా ఉంది.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు ఆదివాసీలు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని లక్ష్యం. పరీక్షలు మన ఊళ్లకూ వచ్చాయి. కార్డులు ఇచ్చి వెళ్లారు. ఆ కార్డు మీద రాసింది ఏమిటో కూర్చుని చెప్పిన వాళ్లు మాత్రం తక్కువ. ఇక్కడే పెద్ద నష్టం జరుగుతోంది. ‘క్యారియర్’ అని ఉన్న ఒక అమ్మాయి సంబంధం తప్పిపోయింది, ఆ పిల్లకు రక్తజబ్బు ఉందని ఊరంతా అనుకున్నారు. ఆమెకు జబ్బు లేదు, రాదు. లక్షణం అసలు లేని అబ్బాయిని చేసుకుంటే ఆమె పిల్లల్లో ఎవరికీ ఈ జబ్బు రాదు. పిల్లల్లో కొందరు ఆమెలాగే క్యారియర్లు కావచ్చు, అంతే. ఇద్దరూ క్యారియర్లయితేనే ఆలోచించాలి. అప్పుడు కూడా లెక్క సరిగా అర్థం చేసుకోవాలి. పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం, రెండు వంతులు క్యారియర్ అయ్యే అవకాశం, ఒక వంతు ఏమీ లేకుండా పుట్టే అవకాశం. ముగ్గురు బాగా పుడితే నాలుగో బిడ్డకు వస్తుందని కాదు, మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురూ క్షేమమనీ కాదు. గవ్వలు ప్రతిసారీ కొత్తగా వేసినట్టే. మేనరికాల్లో రెండు వైపులా ఒకే రక్తం కాబట్టి ఇద్దరూ క్యారియర్లయ్యే వీలు ఎక్కువ. మేనమామ కూతురు మీద హక్కు గురించి కట్టుబాట్లు మాట్లాడే పెద్దల ముందు ఈ లెక్క చెప్పడం అంత తేలిక కాదు. మేము గింజలతో చెబుతాం. నల్ల చిక్కుడు గింజ ఒకటి, తెల్లది ఒకటి తండ్రి చేతిలో, అలాగే తల్లి చేతిలో. ఒక్కొక్కరి నుంచి కళ్లు మూసుకుని ఒక్కో గింజ తీయమంటాం. రెండు నల్లవి పడితే జబ్బు. పది పదిహేను సార్లు తీసేసరికి చదువురాని మావయ్యలు కూడా లెక్క పట్టేస్తారు.

మిగిలినవి రెండు మాటల్లో చెబుతాం. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి, క్షయకు ఆరు నెలల మందు మధ్యలో ఆపకూడదు. వసతిగృహంలో గజ్జి వస్తే గదిలో ఉన్న అందరికీ ఒకే రోజు మందు రాయాలి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఒక్కడికి రాస్తే పక్కవాడి నుంచి మళ్లీ వస్తుంది. అడ్డపొగ గురించి మాత్రం ఇంకొంచెం. చుట్టను వెలిగించిన కొస నోటిలోపల పెట్టుకుని పీల్చడం ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో, మన అమ్మమ్మల్లో ఉంది. గాలికీ వానకూ ఆరిపోదని, పని చేస్తూ తాగొచ్చని చెబుతారు. ఆ వేడీ పొగా తగిలేది అంగిలికి. అంగిలి తెల్లబడి, చిన్నచిన్న ఎర్రచుక్కలు లేస్తాయి, కొందరికి అది క్యాన్సరు అవుతుంది. మానమంటే మా అవ్వలు మానలేదు. నోరు తెరవమని టార్చి వేసి చూస్తే మాత్రం ఒప్పుకున్నారు. మీ ఇంట్లో అవ్వ ఉంటే మీరూ చూడండి, మానని పుండు గానీ గడ్డ గానీ కనబడితే అప్పుడే తీసుకెళ్లండి.

వీటిలో ఏది చెప్పినా ఊరివాళ్లు చివరికి దిసారి వైపు చూస్తారు. కొత్తలో మాకు అది కోపం తెప్పించేది. పిల్ల నొప్పితో ఏడుస్తుంటే రోజులు లెక్కపెట్టడమేమిటని. కానీ పెళ్లికి రోజు పెట్టేది ఆయనే. ఏ ఇంటి పిల్లను ఏ ఇంటికి అడిగారో ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. అందుకని ఒక ఊళ్లో మేము చిక్కుడు గింజల సంచి పట్టుకుని ముందు ఆయన ఇంటికే వెళ్లాం. ఆయన రెండు సాయంత్రాలు గింజలు తీసి చూసుకున్నాడు. రెండో సాయంత్రం తన చెల్లెలి బిడ్డల్లో ఇద్దరు చిన్నప్పుడే ఇలాంటి నొప్పులతోనే పోయారని చెప్పాడు. అప్పటి నుంచి ఎవరైనా రోజు చూడమని వస్తే, అబ్బాయి కార్డు, అమ్మాయి కార్డు తెమ్మంటున్నాడట. ఆయనకు చదవడం రాదు. కార్డులు తీసుకుని వీధి చివర ఉన్న పదో తరగతి అమ్మాయిని పిలుస్తాడు, ఆమె చదివి చెబుతుంది. మొన్న సంతలో కనబడి, కార్డు పోగొట్టుకున్నవాళ్లకు కొత్తది ఎక్కడిస్తారో కనుక్కోమన్నాడు. ఆరోగ్య కేంద్రంలో అడిగి చెప్పాలి.